రెండక్షరాలు మీకు చాలు, మాకు చాలవు: డాక్టర్లకు, వైద్య పత్రికల సంపాదకులకు ఒక బహిరంగ లేఖ

డాక్టర్లకు, నర్సులకు, ఆ తర్వాత అదే భాషను అచ్చులో కొనసాగించే పరిశోధన పత్రికల సంపాదకులకు నమస్కారం.

మీరు రాసిన కేసు షీట్లూ డిశ్చార్జ్ సమ్మరీలూ చదివి, వాటిలోని ప్రతి జబ్బుకూ అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం ఒక కోడ్ వేయడం నా ఉద్యోగం. మెడికల్ కోడర్ అంటారు. రోగిని నేను చూడను. దగ్గు వినను, కాలివాపు నొక్కి చూడను. నా ముందుకొచ్చేది మీ రాత ఒక్కటే. అందులో 'ఎంఎస్' అని రెండు పొడి అక్షరాలుండి, ముందూ వెనకా ఇంకేమీ లేకపోతే నా పని అక్కడికక్కడే ఆగిపోతుంది.

ఎంఎస్ మల్టిపుల్ స్క్లిరోసిస్ కావచ్చు. మెదడులో, వెన్నుపాములో నరాల మీది పొర దెబ్బతినే జబ్బది. కోడ్ జీ 35. మైట్రల్ స్టెనోసిస్ కావచ్చు. గుండెలో ఎడమవైపు కవాటం ఇరుకైపోవడం. దాని కోడ్ పూర్తిగా వేరే అధ్యాయంలో, ఐ అక్షరం కింద ఉంటుంది. మందుల చీటీలో ఉంటే మార్ఫిన్ సల్ఫేట్. మానసిక పరీక్ష దగ్గరుంటే మెంటల్ స్టేటస్. ల్యాబ్ రిపోర్టులో మాస్ స్పెక్ట్రోమెట్రీ. సంతకం కింద ఉంటే మాస్టర్ ఆఫ్ సర్జరీ. ఇదొక్కటే నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

మా వృత్తిలో ఊహకు చోటు లేదు. ఎకో రిపోర్టులో కవాటం కొలత రాసి ఉందా, మందుల్లో మల్టిపుల్ స్క్లిరోసిస్‌కు ఇచ్చే బీటా ఇంటర్‌ఫెరాన్ ఉందా అని ఫైలంతా తిరగేస్తాం. ఆధారం కనిపించినా డాక్టరు మాట లేకుండా మేం సొంతంగా జబ్బు పేరు తేల్చకూడదు. కనిపించకపోతే సరేసరి. డాక్టరుకు క్వెరీ పంపి, జవాబు కోసం చూస్తూ కూర్చుంటాం.

అంటే నాకు ఆగి అడిగే హక్కు ఉంది. అడగడమే నా ఉద్యోగధర్మం. అదే కాగితం అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న నర్సు చేతికి వెళ్తుంది, ఇంకో ఆస్పత్రి ఎమర్జెన్సీలో ఉన్న డాక్టరు చేతికి వెళ్తుంది. వాళ్లకు ఆగే వ్యవధి ఉండదు. తోచిన అర్థం తీసుకుని ముందుకు పోవాల్సిందే. నేను కోడర్‌ని కాబట్టి నా సమస్య చెప్పుకుంటున్నానే గానీ, ఈ లేఖ అసలు వాళ్ల కోసం.

మీ జవాబు నాకు ముందే తెలుసు. 'సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది కదా' అంటారు. క్వెరీలకు వచ్చే జవాబుల్లో ఈ మాట నాకు బాగా పరిచయం. కాబట్టి ముందు ఈ సందర్భం సంగతే చూద్దాం.

ప్రసూతి విభాగం నుంచి వచ్చిన ఫైలు. అందులో 'ఐయూడీ' అని ఉంది. గర్భం రాకుండా గర్భాశయంలో అమర్చే సాధనం ఐయూడీ. కడుపులోనే బిడ్డ చనిపోవడం కూడా ఐయూడీ. మొదటిదానికి కోడ్ జెడ్ 97.5, రెండోదానికి ఓ 36.4. రెండూ ఒకే విభాగంలో, ఒకే డాక్టరు కలం నుంచి వచ్చేవే. ఒక మహిళ పాత చరిత్ర రాస్తూ '2019లో ఐయూడీ' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే, ఆమె ఆ ఏడాది ఒక సాధనం పెట్టించుకుందో, ఒక బిడ్డను పోగొట్టుకుందో ఆ కాగితం చెప్పదు. ఆ తర్వాత ఆమెను చూసే డాక్టరు మామూలుగా పలకరించాలో, జాగ్రత్తగా మాట్లాడాలో కూడా చెప్పదు. ఇక్కడ సందర్భం ఏం చేస్తుంది?

పిల్లల విభాగానికి వెళ్తే 'ఏఎస్‌డీ' ఉంటుంది. గుండె పై గదుల మధ్య గోడలో రంధ్రం ఒకటి, ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్ ఒకటి. రెండూ పసితనంలోనే బయటపడేవి, రెండూ ఒకే బిడ్డకు ఉండకూడదన్న నియమమూ లేదు. 'సీపీ' అంటే సెరిబ్రల్ పాల్సీ, అంగిలి చీలి పుట్టడం కూడా సీపీయే. అదే అక్షరాలు పెద్దవాళ్ల ఫైల్లో ఉంటే ఛాతీ నొప్పి. నిండు గర్భిణికి ఆయాసం వచ్చి చేరితే 'పీఈ అనుమానం' అని రాస్తారు. ఊపిరితిత్తి రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందని అనుమానమా, బీపీ పెరిగే ప్రీ ఎక్లాంప్సియానా, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందనా? మూడూ ఆమె విషయంలో సాధ్యమే, మూడింటికీ చేయాల్సిన వైద్యం వేరు. నడుము నొప్పితో వచ్చిన మహిళకు 'పీఐడీ' అంటే కటి భాగంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, వెన్నుపూసల మధ్య డిస్క్ జారడం కావచ్చు. వృద్ధుడి కిడ్నీ ఫైల్లో 'పీడీ' అంటే పెరిటోనియల్ డయాలసిస్ అనుకుంటాం. ఆయనకు చేతులు వణుకుతున్నాయని రెండు పేజీల తర్వాత రాసి ఉంటే, పార్కిన్సన్స్ జబ్బు కూడా పీడీయే గనక మళ్లీ మొదటికొస్తాం.

ఇక 'బీఎస్ నార్మల్'. బ్లడ్ షుగరా, పేగుల చప్పుళ్లా, ఊపిరి చప్పుళ్లా? ఒకే రోగికి ఒకే పూట మూడూ చూస్తారు. మూడూ నార్మల్‌గానే ఉండొచ్చు.

చేరిక ఫారాల మీద 'డీఓఏ' అని ఒక గడి ఉంటుంది. చేరిన తేదీ అని దాని అర్థం. ఎమర్జెన్సీ వాళ్ల భాషలో డీఓఏ అంటే ప్రాణం పోయాక ఆస్పత్రికి తెచ్చారని. రొమ్ము క్యాన్సర్ ఫైల్లో 'ఏఐ మొదలుపెట్టాం' అని చూస్తే ఈ రోజుల్లో ఎవరైనా కృత్రిమ మేధే అనుకుంటారు. అది అరోమటేజ్ ఇన్హిబిటర్ అనే మాత్ర. గుండె ఫైల్లో అయితే బృహద్ధమని కవాటం కారడం. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది, ఫైలు మనది కానంతవరకూ.

సందర్భం రాసేవారి తలలో ఉంటుంది. ఆ క్షణంలో ఎదురుగా రోగి ఉన్నాడు, పక్కన ఎక్స్‌రే ఉంది, నర్సు చెప్పిన మాట చెవిలో ఉంది. కాగితం మీదికి దిగేది రెండక్షరాలే. ఆ కాగితం విభాగం దాటుతుంది, ఆస్పత్రి దాటుతుంది, ఏళ్లు దాటి ఇంకో డాక్టరు ముందు తేలుతుంది. ఒక్కొక్క మజిలీ దాటే కొద్దీ సందర్భం కొంత రాలిపోతుంది, ఆ రెండక్షరాలు మాత్రం చెక్కుచెదరకుండా వెళ్తాయి. ఇప్పుడు పాత నోటును కాపీ చేసి కొత్త నోటులో అతికించే సౌకర్యం కూడా వచ్చింది గనక, ఒకసారి పడ్డ అస్పష్టత ఆ ఫైల్లో తరతరాలుగా కాపురం చేస్తుంది.

మందుల దగ్గరికొస్తే ఇది కోడ్‌ల గొడవ దాటి ప్రాణాల మీదికి వస్తుంది. ఇన్సులిన్ యూనిట్లను సూచిస్తూ అంకె పక్కన ఇంగ్లిషు 'యూ' అక్షరం రాయడం చాలాకాలం నడిచిన అలవాటు. ఆ అక్షరం సున్నాలా కనిపిస్తే 10 యూనిట్లు 100 అవుతాయి. మైక్రోగ్రాముకు వాడే గ్రీకు అక్షరం 'ఎం'లా కనిపిస్తే మోతాదు వెయ్యి రెట్లు. 1.0 అని రాస్తే చుక్క కనబడక 10 అవుతుంది. ముందు సున్నా పెట్టకుండా .5 అని రాస్తే 5 అవుతుంది. 'క్యూడీ' అంటే రోజుకు ఒకసారి, మధ్యలో చుక్కో గీతో పడితే 'క్యూఐడీ', అంటే నాలుగుసార్లు. మార్ఫిన్ సల్ఫేట్‌ను 'ఎంఎస్ఓ4' అనీ, మెగ్నీషియం సల్ఫేట్‌ను 'ఎంజీఎస్ఓ4' అనీ రాసేవారు. ఒకటి నొప్పిని తగ్గించే మత్తుమందు, ఇంకొకటి గర్భిణులకు ఫిట్స్ రాకుండా ఇచ్చే మందు. కాన్పు గదిలో రెండూ అందుబాటులో ఉంటాయి.

అమెరికాలో ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2001లో దీనిపై హెచ్చరిక జారీ చేసింది. 2004 నుంచి 'వాడకూడనివి' అని ఒక చిన్న జాబితానే తప్పనిసరి చేసింది. పైన చెప్పినవాటిలో మైక్రోగ్రాము గుర్తు తప్ప మిగతావన్నీ అందులో ఉన్నాయి. 2004 నుంచి 2006 వరకు ఆ దేశపు ఆస్పత్రులు ఒక జాతీయ డేటాబేస్‌కు నివేదించిన 6,43,151 మందుల పొరపాట్లను పరిశీలిస్తే, 29,974 పొడి అక్షరాల వల్ల జరిగినవని తేలింది. దాదాపు 4.7 శాతం. వాటిలో ఒక్క 'క్యూడీ' వాటాయే 43 శాతం. రోగికి హాని దాకా వెళ్లినవి చాలా కొద్ది. ఇది చూసి 'అయితే పర్వాలేదు' అనేవాళ్లుంటారు. నాకు మాత్రం అందులో ఫార్మసిస్టులూ నర్సులూ ఆగి, ఫోన్ చేసి, 'సార్, ఇదేమిటి' అని అడిగిన సందర్భాలే కనిపిస్తాయి. అడిగే ధైర్యం లేని చోట, అడిగితే కసిరే చోట ఆ లెక్క ఎలా ఉంటుందో ఏ డేటాబేస్‌లోకీ ఎక్కదు.

నిషేధించిన జాబితా ఉంది కదా, సమస్య తీరిపోయినట్టేనా? ఆ జాబితాలో ఉన్నవి చాలావరకు చేతిరాతలో తప్పుగా కనిపించేవి. కీబోర్డు మీద కొట్టేటప్పుడు 'యూ' సున్నాలా కనిపించదు, నిజమే. కానీ అర్థం రెండుగా చీలే పొడి అక్షరాలు ఎంత శుభ్రంగా టైప్ చేసినా చీలే ఉంటాయి. 'ఓడీ' చూడండి. బ్రిటిష్ సంప్రదాయంలో చదువుకున్నవారికి అది రోజుకు ఒకసారి. అమెరికాలో కుడి కన్ను. విషం మింగి వచ్చిన కేసులో ఓవర్‌డోస్. బ్యాక్టీరియా పెంచేవాళ్లకు ఆప్టికల్ డెన్సిటీ. నోటితో తాగాల్సిన మందును కంట్లో వేసిన ఉదంతాల గురించి సురక్షిత ఔషధ వినియోగంపై పనిచేసే ఐఎస్‌ఎంపీ అనే సంస్థ తన హెచ్చరికల జాబితాలో రాసింది. ఆ సంస్థ పేరును కూడా నేను పొడి అక్షరాల్లోనే రాశాను చూశారా, ఇంత అలవాటైన వ్యవహారం ఇది. ఇన్‌స్టిట్యూట్ ఫర్ సేఫ్ మెడికేషన్ ప్రాక్టీసెస్ అని పూర్తి పేరు.

అదే జాబితాలో నన్ను బాగా ఆపినది 'డీసీ'. ఇంటికి పంపుతూ 'డీసీ మెడ్స్' అని రాసి కింద మందుల వరుస పెట్టారనుకోండి. రాసినవారి ఉద్దేశం డిశ్చార్జ్ తర్వాత వాడాల్సిన మందులని. చదివినవారు డిస్‌కంటిన్యూ అనుకుని అవన్నీ ఆపేస్తారు. అర్థం పూర్తిగా తిరగబడింది, మధ్యలో ఎవరి రాతా చెడ్డది కాదు. 'ఎస్‌ఎస్‌ఆర్‌ఐ' అంటే లోకమంతా డిప్రెషన్ మందు అనుకుంటుంది. షుగరు రీడింగును బట్టి ఇచ్చే రెగ్యులర్ ఇన్సులిన్‌కు కూడా కొందరు అవే నాలుగక్షరాలు వాడారు. 'డీపీటీ' అంటే పసిపిల్లల టీకా, ఒకప్పుడు మూడు మందులు కలిపి మత్తు కోసం ఇచ్చిన ఇంజెక్షన్ కూడా. 'ఏజెడ్‌టీ' అంటే హెచ్‌ఐవీకి వాడే జిడోవుడిన్, దాన్ని అజాథయోప్రిన్ అనుకున్న పొరపాట్లున్నాయి. మొదటిది రోగనిరోధక శక్తి సన్నగిల్లినవారి కోసం, రెండోది ఆ శక్తిని అణచడానికి.

ఈ మందుల పేర్ల విషయంలో నాకు ఒక పెద్ద వింత కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1953 నుంచి ప్రతి కొత్త మందుకూ ప్రపంచమంతా వాడే ఒక జెనరిక్ పేరు ఖరారు చేస్తోంది. ఇంకో మందు పేరుతో కలిసిపోకుండా, ఏ కుటుంబానికి చెందిన మందో తోకను బట్టి తెలిసేలా నిపుణులు కూర్చుని పేరు తేలుస్తారు. మెథోట్రెక్సేట్, మైటోజాంట్రోన్ అన్నవి చెవికి ఎంత దూరంగా ఉన్నాయి! మనం వాటిని తీసుకొచ్చి 'ఎంటీఎక్స్' అని కత్తిరించి ఒకదాంట్లో ఒకటి కలిపేస్తాం. హైడ్రోక్లోరోథయజైడ్‌ను 'హెచ్‌సీటీజెడ్' అని రాసి పక్కన 50 అని వేస్తే, ఆ చివరి జెడ్ అక్షరం 2 అయి, 'హెచ్‌సీటీ 250', అంటే హైడ్రోకార్టిజోన్ 250 మిల్లీగ్రాములు అయిపోతుంది. అంత శ్రమపడి దూరంగా నిలబెట్టిన పేర్లను మళ్లీ దగ్గరకు తెచ్చే పని ఎవరూ మనకు అప్పగించలేదు.

మందుల చీటీలో 'ఎస్‌ఓఎస్' చూసి అదేదో ప్రమాద సంకేతం అనుకునే రోగిని కూడా తప్పు పట్టలేం. అవసరమైతేనే వేసుకోండి అనే లాటిన్ మాటకు అది పొట్టి రూపమని రోగికి ఎవరు చెప్పారు?

ఇక సంపాదకులారా, మీ దగ్గరికి.

ఆస్పత్రిలో ఈ అలవాటుకు తొందర అనే సాకు ఉంది. పరిశోధన పత్రానికి ఆ సాకు లేదు. నెలల తరబడి రాస్తారు, సమీక్షకులు చదువుతారు, మీరు దిద్దుతారు. అయినా ఏమవుతోందో 2020లో పరిశోధకులు ఏడ్రియన్ బార్నెట్, జోయి డబుల్‌డే లెక్కకట్టి చూపించారు. 1950 నుంచి 2019 వరకు వచ్చిన 2.4 కోట్ల వ్యాస శీర్షికలు, 1.8 కోట్ల సారాంశాలు జల్లెడ పట్టారు. 11 లక్షల పైచిలుకు వేర్వేరు పొడి అక్షరాలు తేలాయి. వాటిలో 79 శాతం పదిసార్లు కూడా వాడనివి. విరివిగా వాడుకలో నిలిచినవి 0.2 శాతం. అంటే ఎవరో ఒక పత్రం కోసం పుట్టించారు, పాఠకుడి చేత బలవంతాన కంఠస్థం చేయించారు, ఆ తర్వాత దాన్ని పలకరించిన నాథుడు లేడు. 'యూఏ' అనే రెండక్షరాలకు వైద్యంలోనే 18 అర్థాలున్నాయని కూడా అదే పత్రం గుర్తుచేసింది.

పరిశోధనలో గొడవ ఒక్కోసారి ఒకే వ్యాసంలో ఇమిడి ఉంటుంది. 'ఈఆర్' ఈస్ట్రోజెన్ రిసెప్టర్. కణం లోపల ప్రొటీన్లు తయారయ్యే ఎండోప్లాస్మిక్ రెటిక్యులం కూడా ఈఆర్. రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఈ రెండింటి సంబంధమే పరిశోధనాంశం అయినప్పుడు ఆ వాక్యాలు చదవడం ఒక శిక్ష. మల్టిపుల్ స్క్లిరోసిస్ రోగుల వెన్నుద్రవాన్ని మాస్ స్పెక్ట్రోమెట్రీతో పరీక్షించినవారు ఎంఎస్‌ను ఎంఎస్‌తో పరీక్షించినట్టే. 'పీసీఆర్' అనగానే 1983లో కేరీ మల్లిస్ ఆలోచించిన, ఇప్పుడు ఇంటింటికీ తెలిసిన పరీక్ష గుర్తొస్తుంది. క్యాన్సర్ పత్రాల్లో మొదటి అక్షరం చిన్నది చేసి రాస్తే మందులకు కణితి పూర్తిగా కరిగిందని అర్థం. కిడ్నీ డాక్టర్లకు మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్‌ల నిష్పత్తి. చిన్నక్షరం పెద్దక్షరం తేడాతో అర్థం నిలబెట్టుకునే పేరు, ఫోన్లో చెబితే ఎలా నిలబడుతుంది? జీవరసాయనంలో 'ఎన్‌ఏడీ' ప్రతి కణానికీ కావలసిన ఒక అణువు. కేసు షీట్లో 'తేడా ఏమీ కనబడలేదు' అని. అసలు చూడనే లేదని దాని అర్థమని వార్డుల్లో ఒక పాత జోకు.

ఔషధ ప్రయోగాలకు పెట్టే పేర్ల గురించి కూడా ఒక మాట. హోప్, క్యూర్, మిరాకిల్. ఇవి నిజంగా గుండె జబ్బుల ప్రయోగాల పేర్లు, మూడోదానికి ఇంగ్లిషులో చివరి అక్షరం తక్కువ. పూర్తి పేరులోంచి ఇష్టమొచ్చిన అక్షరాలు ఏరి, ఆశ పుట్టించే మాట కూర్చుతారు. ఫలితం ఇంకా ఎవరికీ తెలియని ప్రయోగంలో చేరడానికి సంతకం పెట్టమని రోగికి ఇచ్చే కాగితం మీద 'క్యూర్' అని ఉండటం నాకు సబబుగా తోచదు. ఇది పొడి అక్షరం వేషంలో ఉన్న ప్రకటన. ఇలాంటి పేర్లను మీరు శీర్షికలోకి రానివ్వకపోతే చాలు, సగం మోజు తగ్గుతుంది.

కుదరదనకండి. జన్యుశాస్త్రం కొంతవరకు కుదిర్చి చూపించింది. మనిషి జన్యువులకు ఒక్కోదానికి ఒక్కో అధికారిక గుర్తు ఇవ్వడానికి ఒక నామకరణ కమిటీ ఉంది. అక్కడా చిక్కు వచ్చింది. 'సెప్ట్1', 'మార్చ్1' వంటి గుర్తులను ఎక్సెల్ సెప్టెంబరు 1, మార్చి 1 తేదీలుగా మార్చేసేది. 2016లో వచ్చిన పరిశీలన ప్రకారం, ఎక్సెల్‌లో జన్యు జాబితాలు జతచేసిన వ్యాసాల్లో దాదాపు ఐదో వంతులో ఇలాంటి తప్పులున్నాయి. 2020లో ఆ కమిటీ మొహమాటం లేకుండా గుర్తులనే మార్చింది. సెప్టిన్1 అయింది, మార్చ్‌ఎఫ్1 అయింది. ఏళ్లుగా అలవాటైన పేర్లను, వాటి మీద జీవితాలు గడిపిన శాస్త్రవేత్తలు వదులుకున్నారు. పాఠకుడు ఒక యంత్రమైతేనే ఇంత శ్రద్ధ పుట్టిందే అని నాకు కాస్త ఉక్రోషం ఉంది గానీ, అది వేరే సంగతి.

యంత్రం అన్నాను కాబట్టి, ఈమధ్య వినిపిస్తున్న పరిష్కారం కూడా చెప్పుకోవాలి. 'మీరు ఏమైనా రాయండి, సాఫ్ట్‌వేర్ విడదీసి చూపిస్తుంది' అంటున్నారు. వైద్యంలోని పొడి అక్షరాలను సేకరించి 2021లో ప్రచురించిన ఒక భారీ నిఘంటువులో 1,04,057 పొడి అక్షరాలకు 1,70,426 అర్థాలు తేలాయి. వాటిలోంచి ఒకటి ఎంచుకోవడం యంత్రానికి బాగానే వస్తోంది. నా అభ్యంతరం ఎంపిక ఎప్పుడు జరుగుతోందన్నది. నోటు రాసి డాక్టరు వెళ్లిపోయాక, ఏడాది తర్వాత, ఇంకెక్కడో విడదీస్తే అది కూడా ఊహే, కాకపోతే తడబాటు లేని ఊహ. నేను ఊహిస్తే ఉద్యోగం పోతుంది. అదే సాఫ్ట్‌వేర్‌ను రాసే సమయంలో పెట్టండి. డాక్టరు 'ఐయూడీ' కొట్టగానే రెండు అర్థాలూ చూపించి ఏది అని అడిగితే, ఒక్క నొక్కుతో తేలిపోతుంది. ఆ క్షణంలో నిజం తెలిసిన మనిషి కుర్చీలోనే ఉన్నారు.

రోగుల సంగతి చివరికి వచ్చింది గానీ ప్రాధాన్యంలో చివరిది కాదు. ఇప్పుడు చాలాచోట్ల రోగులు తమ రికార్డులు తామే చదువుకుంటున్నారు. అమెరికాలో 2021 నుంచి డాక్టరు నోట్సు రోగికి కంప్యూటర్లో అందుబాటులో ఉంచాలని చట్టమే చెబుతోంది. బ్రిటన్‌లో రాయల్ మెడికల్ కాలేజీల సమాఖ్య 2018లోనే, సంప్రదింపు లేఖను నేరుగా రోగికే, రోగికి అర్థమయ్యేలా రాయండని డాక్టర్లకు సూచించింది. ఆ రోగి తన కాగితం తెరిచి 'ఎస్‌ఓబీ' అని చూస్తారు. మీ భాషలో ఆయాసం. ఇంగ్లిషులో అదే మూడక్షరాలు తల్లిని కలిపి తిట్టే బూతు. బ్రిటన్ క్లినిక్కుల్లో 'డీఎన్‌ఏ' అంటే రోగి అపాయింట్‌మెంటుకు రాలేదని కూడా అర్థం. తన జన్యువుల్లో ఏదో ఉందని రోగి బెంగపెట్టుకుంటే ఆశ్చర్యమేముంది? 2022లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. రికార్డుల్లో మామూలుగా కనిపించే పొడి అక్షరాలను రోగులు ఎంతవరకు గ్రహిస్తారో చూశారు. ఉన్నవి ఉన్నట్టు చూపిస్తే 62 శాతం. పూర్తి పేర్లు రాసి చూపిస్తే 95 శాతం. కొత్త మందు ఏదైనా ఇంత మార్పు తెచ్చి ఉంటే మీరు దానికి ఎంత హడావిడి చేసేవారో!

మీకు తీరిక లేదని నాకు తెలుసు. ఓపీలో జనం, వార్డులో జనం, వీటి మీద కంప్యూటర్ ముందు కూర్చుని గళ్లు నింపే పని. ఆ గళ్లలో కొన్ని మా కోడింగ్ కోసమే పుట్టాయన్న నిందా న్యాయమే. పొడి అక్షరాలు రాసి మిగుల్చుకున్న క్షణాలు మీవి, విడదీసుకునే నిమిషాలు చదివేవాళ్లవి. ఒకరు రాసినదాన్ని ఎంతమంది చదువుతారో లెక్క వేసుకోండి. దీనికి తోడు ఒక మొహమాటం కూడా పనిచేస్తోందని నా అనుమానం. కొత్తగా చేరిన జూనియర్‌కు పొడి అక్షరాలు రావడం అంటే ఇంట్లోవాడైనట్టు. తెలియనిది అడిగితే తక్కువైపోతాననుకుంటారు, ఊహించి సరిపెట్టుకుంటారు, తర్వాతి బ్యాచ్‌కు అదే నేర్పుతారు. రౌండ్స్‌లో ఒక సీనియర్ 'దీని ఫుల్ ఫామ్ నాకు తెలియదు, రాసినవారు చెప్పండి' అని పైకి అనగలిగితే ఎంతో మారుతుంది.

అన్నీ ఎత్తేయమని నేను కోరను. డీఎన్‌ఏ, హెచ్‌ఐవీ, ఈసీజీ విడదీస్తేనే అర్థం కాకుండా పోతాయి. గుండె ఆగిన మనిషి దగ్గర నిలబడి ఎవరూ పూర్తి పేర్లు పలకక్కర్లేదు. వార్డులో పూటకోసారి రాసుకునే పరిశీలనల్లో మీ ఇష్టం, అవి మీ మధ్యే తిరుగుతాయి.

నేను కోరేది గది దాటి వెళ్లే కాగితాల గురించి. డిశ్చార్జ్ సమ్మరీ, రిఫరల్ లేఖ, మందుల చీటీ, ఆపరేషన్ అంగీకార పత్రం. వీటిలో జబ్బు పేరు, మందు పేరు, ఎన్నిసార్లు వేసుకోవాలన్నది, శరీరంలో ఏ పక్కన అన్నది పూర్తిగా రాయండి. మీ ఆస్పత్రిలో ఆమోదించిన పొడి అక్షరాల జాబితా ఉంటే దాన్ని ఒకసారి తెరిచి చూడండి. ఒక్కోదానికి మూడేసి అర్థాలు ఆమోదించిన జాబితాలు నేను చూశాను. అలాంటిది ఉన్నా లేనట్టే. దాన్ని తిరగరాసేటప్పుడు కమిటీలో ఒక ఫార్మసిస్టును, ఒక నర్సును, ఒక కోడర్‌ను, వైద్యంతో సంబంధం లేని ఒక రోగిని కూర్చోబెట్టండి. వాళ్లలో ఏ ఒక్కరు రెండో అర్థం చెప్పినా ఆ పొడి అక్షరం కొట్టేయండి.

సంపాదకులకు ఒక చిన్న నియమం చాలు. సారాంశానికి 250 పదాల పరిమితి పెట్టి, పొడి అక్షరాన్ని ఒక్క పదంగా లెక్కపెడుతున్నారు. రచయితలు కత్తిరించకుండా ఎలా ఉంటారు? పొడి అక్షరంలో ఎన్ని మాటలు దాగి ఉంటే అన్ని పదాలుగా లెక్కపెట్టండి, లేదా పూర్తి పేరు రాసినా ఒక్క పదంగానే చూడండి. కత్తిరించడం వల్ల లాభం పోయిన మర్నాటి నుంచే పూర్తి పేర్లు తిరిగొస్తాయి.

ఈలోగా మా క్వెరీలు వస్తూనే ఉంటాయి. వాటిని మీ రాత మీద ఫిర్యాదుగా తీసుకోకండి, 'సందర్భం చూడండి' అని తిప్పి పంపకండి. 'మైట్రల్ స్టెనోసిస్' అని రెండు మాటలు రాసి పంపండి. కోడ్ నేను వేసుకుంటాను.

ఇట్లు,
మీ రాతలు చదివే ఒక మెడికల్ కోడర్